కాపరి లెక్క



ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయాము. ఏడాది గడిచినా ఆ ప్రశ్న మమ్మల్ని విడిచిపెట్టలేదు. ఈ నెల మన శీర్షికలో ఆ జవాబునే చెప్పుకోదలచాము. ఎందుకంటే ఈ ప్రశ్న ఒక్క మాకే కాదు, మీ గడపకు కూడా ఎప్పుడో ఒకనాడు వచ్చి తీరుతుంది. మీ అబ్బాయో అమ్మాయో బడి నుండి ఒక కాగితం తెచ్చి, "అబ్బా, కొండల్లోకి తీసుకువెళ్తారట. సంతకం పెట్టండి" అని చేతికిస్తారు. పెట్టాలా, వద్దా? పెడితే ఏమి అడిగి పెట్టాలి? పెట్టకపోతే ఆ బిడ్డకు మనం ఏమి లేకుండా చేస్తున్నాము?

ఓర్వకల్లు బండల్లో

మా మక్తబ్ కర్నూలులో ఉంది. అందులో చదివే పిల్లలందరూ పగలు బడికి వెళ్ళి, సాయంకాలం మా వద్దకు ఖుర్ఆన్ నేర్చుకోవడానికి వచ్చేవారే. ఇరుకు సందుల్లో పుట్టి, ఇరుకు గదుల్లో పెరుగుతున్న పిల్లలు. ఒకనాడు గాషియా సూరా పాఠం నడుస్తుండగా, పర్వతాలు ఎలా పాతబడి ఉన్నాయో చూడరా అని అల్లాహ్ మానవుణ్ణి అడిగే చోటు వచ్చింది. మీలో ఎవరైనా కొండను చేత్తో తాకి చూశారా అని మేము అడిగాము. నలభై మందికి పైగా ఉన్న ఆ తరగతిలో ఆరేడు చేతులు లేచాయి. చూడమని ఆదేశం వచ్చిన వాక్యాన్ని చూడకుండానే కంఠస్థం చేయిస్తున్నామని ఆ రోజు మాకు తెలిసివచ్చింది.

నంద్యాల దారిలో సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే ఓర్వకల్లు. రహదారిని ఆనుకొనే పర్యాటక శాఖ వారి రాతివనం ఉంది. స్ఫటిక శిలలు, సిలికా శిలలు నిలువునా, అడ్డంగా, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. వాటి నడుమ నీటి మడుగులు ఉన్నాయి. మండలంలోని కేతవరం వద్ద ప్రాచీన మానవుడు రాళ్ళపై గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. అయినా మన పిల్లలకు ఈ చోటు సినిమా వల్లనే తెలుసు. బాహుబలి చిత్రీకరణ 2013లో ఇక్కడే మొదలైంది కదా! బస్సు దిగగానే వారు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే.

గత శీతాకాలంలో ఒక ఆదివారం నలభై ముగ్గురు పిల్లలను తీసుకొని అక్కడికి వెళ్ళాము. చిన్నవాడికి ఆరేళ్ళు, పెద్దవాడికి పదహారు. మాతో కలిపి ఉపాధ్యాయులు నలుగురు. అందరినీ ఒకే వరుసలో నడిపించాము. ముందు మేము నడిచాము. పెద్ద పిల్లలు ఉత్సాహంగా మా వెంట వచ్చారు. వారి వేగమే అందరి వేగమైంది. మాటల్లో, నవ్వుల్లో, బండలను చూపిస్తూ చెప్పే పాఠంలో పడి మేము ఒక్కసారి కూడా వెనుదిరిగి చూడలేదు.

జొహర్ నమాజుకు పంక్తులు కట్టినప్పుడు లెక్కపెడితే నలభై ఇద్దరే ఉన్నారు.

ఆ తరువాతి అరగంటను వర్ణించడం మాకు ఇష్టం లేదు. మడుగుల వైపు ఒకరు పరుగెత్తారు. రోడ్డు వైపు ఒకరు. మేము వచ్చిన దారినే వెనక్కి నడిచాము. ఒక పెద్ద బండ నీడలో ఏడేళ్ళ పిల్లవాడు కూర్చొని ఉన్నాడు. చెప్పు తెగిపోయింది, అరికాలు చీరుకుపోయింది. అతని పక్కన జీవాలు కాసుకునే ఒక అవ్వ కూర్చొని, తన సీసాలోని నీళ్ళు తాగించి, కొంగుతో కాలు తుడుస్తూ ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"ఏం సాయిబూ, పసిబిడ్డను ఈడ ఇడిసిపెట్టి మీరంతా ఆడికి పోతే ఎట్ల?" అని అడిగింది. మేము మాట్లాడలేదు. ఆమే మళ్ళీ అంది: "మేం పొద్దుగూకితే జీవాలను లెక్కబెట్టుకుంటాం. ఒకటి తగ్గినా దొడ్డి తలుపు ముయ్యం."

మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ తమ మంద విషయమై ప్రశ్నించడం జరుగుతుంది అనే భావం గల హదీసును ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ పదిలపరచాయి. పాతికేళ్ళుగా మేము ఆ హదీసును బోధిస్తున్నాము. దానిపై ఖుత్బాలు ఇచ్చాము. అక్షరం చదవని ఆ అవ్వ మాత్రం ప్రతి సాయంత్రం దానిని ఆచరిస్తున్నది.

పిల్లవాణ్ణి భుజాన వేసుకొని వస్తూ, "ఎందుకు పిలవలేదు బేటా?" అని అడిగాము. "పెద్దన్నలు నవ్వుతారని..." అన్నాడు. ఆ మాట కాలి గాయం కన్నా మమ్మల్ని ఎక్కువ బాధించింది.

మరునాడు అతని తండ్రి వచ్చారు. కోపంగా రాలేదు. కోపంగా వచ్చినా బాగుండేది. నిదానంగా ఇలా అన్నారు: "హజ్రత్, నేను మా వాణ్ణి ఖుర్ఆన్ నేర్పమని మీకు అప్పగించాను. బండలెక్కించమని కాదు గదా! ఇంతకీ ఆ బండల్లో దీన్ ఏముంది?" మేము క్షమాపణ కోరాము. ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వలేకపోయాము. తప్పు చేసినవాడి నోట సరైన మాట వచ్చినా అది సాకులాగే వినిపిస్తుంది. ఆ వారమే మా కమిటీ పెద్దలు కూర్చొని, ఇక మీదట ఇలాంటి యాత్రలు వద్దని తీర్మానించారు.

బండల్లో దీన్ ఏముంది?

ఇప్పుడు నెమ్మదిగా ఆలోచిద్దాం.

భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభించబడిందో చూడమని అన్‌కబూత్ సూరాలో అల్లాహ్ ఆదేశిస్తున్నాడు. గాషియా సూరాలో ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, పరచబడిన నేలను వరుసగా పేర్కొని, వీటి వైపు చూడరా అని ప్రశ్నిస్తున్నాడు. ఆ నాలుగూ గది నాలుగు గోడల మధ్య కనిపించేవి కావు. పుస్తకంలోని బొమ్మ చూస్తే పేరు తెలుస్తుంది. కొండ కింద నిలబడితే తాను ఎంత చిన్నవాడో తెలుస్తుంది. ఈ రెండవ జ్ఞానమే సజ్దాకు మూలం.

మన ప్రవక్త (స) బాల్యాన్ని తలచుకోండి. మక్కా వంటి పట్టణంలో పుట్టిన ఆ శిశువును హజ్రత్ హలీమా సాదియా (రజి) ఎడారి పల్లెకు తీసుకువెళ్ళి పెంచారు. స్వచ్ఛమైన గాలిలో, స్వచ్ఛమైన భాష నడుమ బిడ్డలు పెరగాలని అరబ్బులు కోరుకొనేవారు. తరువాత ఆయన (స) మక్కావాసుల గొర్రెలను కూలికి కాచారు. గొర్రెలు కాయని ప్రవక్త ఎవరూ లేరని ఆయనే (స) చెప్పినట్లు బుఖారీలో ఉంది. మందను నడిపించడం నేర్చుకున్నాకనే మనుషులను నడిపించే బాధ్యత వారికి లభించింది. కాపరికి ఓర్పు ఉండాలి, చూపు ఉండాలి, వెనుకబడిన దానిపై దయ ఉండాలి. ఇవి పలకా బలపంతో వచ్చేవి కావు.

కాబట్టి ఆ తండ్రికి మొదటి జవాబు ఇది: బండల్లో దీన్ ఉంది, భాయ్. లోపం బండల్లో లేదు, మేము తీసుకువెళ్ళిన తీరులో ఉంది.

రెండు వారాల్లో రెండు వార్తలు

ఈ తీరు అనేది ఎంత పెద్ద విషయమో తెలుసుకోవడానికి 2014 సంవత్సరం చాలు. ఆ ఏడాది మే 25న నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కలివేరుకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరుకున్నారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, పేదింటి బిడ్డలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ శిఖరం ఎక్కిన బాలికలందరిలో అతి పిన్న వయస్కురాలు ఆమే.

సరిగ్గా రెండు వారాల తరువాత, జూన్ 8న, హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ళపైకి ఫోటోల కోసం దిగారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి నీరు వదిలారు. క్షణాల్లో వచ్చిన ప్రవాహంలో 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. కొన్ని మృతదేహాల కోసం వారాల తరబడి వెదికారు.

ఒకే భాష మాట్లాడే పిల్లలు, దాదాపు ఒకే పక్షంలో. ఒకచోట భూమిపై అత్యంత ఎత్తైన శిఖరం, మరొకచోట రోడ్డు పక్కన ఉన్న నది. ప్రమాదకరమైన చోటి నుండి పద్నాలుగేళ్ళు నిండని పిల్ల క్షేమంగా తిరిగి వచ్చింది. రోడ్డు పక్క నుండి ఇరవై ఏళ్ళ యువకులు తిరిగి రాలేదు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది, అందులో సందేహం లేదు. అయితే కారణాలను చూడమని కూడా ఆయనే మనకు బుద్ధినిచ్చాడు.

పూర్ణ ఒక్కసారిగా ఎవరెస్టు ఎక్కలేదు. ముందు భువనగిరి కోట కొండపై వంద మందికి పైగా పిల్లలకు తాళ్ళతో ఎక్కడం, దిగడం నేర్పారు. వారిలో నిలదొక్కుకున్న కొద్దిమందిని డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకు పంపారు. వారిలోనూ కొందరినే లద్దాఖ్ చలికి తీసుకువెళ్ళి పరీక్షించారు. చివరకు ఇద్దరు మిగిలారు. అంటే మెట్టు తరువాత మెట్టు. ఎవరు ఎంతవరకు ఎక్కగలరో చూసి, అంతవరకే ఎక్కించారు. నది వద్ద మెట్లు లేవు. పైన ఆనకట్ట ఉన్నదని, నీరు ఏ క్షణమైనా వస్తుందని పిల్లలకు చెప్పిన పెద్ద ఎవరూ లేరు. ఆ దుర్ఘటనపై విచారణ జరిపిన హైకోర్టు ఒక్క విద్యుత్ సంస్థనే గాక, పిల్లలను తీసుకువెళ్ళిన కళాశాలను కూడా బాధ్యుల్లో చేర్చింది.

ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయనా, కట్టి వేయనా అని అడిగిన వ్యక్తితో, కట్టి తరువాత భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన సంగతి తిర్మిజీలో ఉంది. ఓర్వకల్లులో మేము ఒంటెను కట్టకుండానే తవక్కుల్ చేశాము. మా పిల్లవాడు దొరకడం అల్లాహ్ దయ మాత్రమే, మా తెలివి కాదు.

ఏ వయసుకు ఏ మెట్టు

ఆరేళ్ళ బిడ్డను, పదహారేళ్ళ యువకుణ్ణి ఒకే వరుసలో నిలిపినప్పుడే మేము సగం తప్పు చేశాము. స్కౌట్ ఉద్యమం వారు కూడా పిల్లలను ఇలా కలపరు. పదేళ్ళ లోపు వారు కబ్‌లు, బుల్‌బుల్‌లు. ఆపై స్కౌట్‌లు, గైడ్‌లు. యౌవనానికి వచ్చినవారు రోవర్‌లు, రేంజర్‌లు. ప్రతి వర్గానికీ పని వేరు, నడక వేరు. మా అనుభవంతో, మన ప్రాంతపు చోట్లను బట్టి మేము వేసుకున్న మెట్లను ఇక్కడ చెబుతున్నాము.

ఆరు నుండి తొమ్మిదేళ్ళ వారికి సగం రోజు చాలు. ఉదయం వెళ్ళి ఎండ ముదరకముందే తిరిగి రావాలి. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద ఉండాలి, వీలైతే తల్లులే రావాలి. ఓర్వకల్లు వంటి చోటు వారికి సరిపోతుంది. అయితే బండలెక్కడం వారి పని కాదు. మడుగుల దరిదాపులకు పోనివ్వరాదు. చీమల బారు ఒకటి చూపించి, అది ఎక్కడికి పోతుందో కనుక్కోమంటే గంట గడిచిపోతుంది. నమల్ అంటే చీమ అని, దాని పేరుతో ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉన్నదని అక్కడే చెప్పవచ్చు. ఇంటికి వచ్చాక ఆ సూరా వారికి తమ స్వంత సూరా అవుతుంది.

పది నుండి పదమూడేళ్ళ వారికి పూర్తి రోజు. ఈ వయసులో నియమాలు నేర్పాలి. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోమని ప్రవక్త (స) చెప్పినట్లు అబూదావూద్‌లో ఉంది. పిల్లలను చిన్న గుంపులుగా చేసి, ప్రతి గుంపుకు ఒక అమీరును వారి చేతనే ఎన్నిక చేయించండి. నీటి లెక్క, తలల లెక్క ఆ అమీరు చూసుకుంటాడు. నీడను బట్టి దిక్కులు కనుక్కోవడం, ఖిబ్లా నిర్ణయించుకోవడం, నీరు దొరకనప్పుడు తయమ్ముమ్ చేయడం గదిలో చెబితే పరీక్ష కోసం గుర్తుంటాయి, బయట చేయిస్తే జీవితాంతం గుర్తుంటాయి. ప్రయాణ నమాజు కూడా అంతే. మన హనఫీ ఉలమా ఖస్ర్‌కు సుమారు 77 కిలోమీటర్ల దూరాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కర్నూలు నుండి ఓర్వకల్లుకు ఖస్ర్ లేదు. సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలుం గుహలకు వెళ్తే ఉంది. ఎందుకు అక్కడ నాలుగు, ఇక్కడ రెండు అని పిల్లలే అడుగుతారు.

బెలుం గుహలు ఈ వయసుకు తగినవి. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటిని గుర్తించారు. 1982, 83 సంవత్సరాల్లో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. 2002 నుండి సందర్శకులకు తెరిచారు. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో సగం వరకే మనల్ని పోనిస్తారు. సున్నపురాతిని నీరు బొట్టుబొట్టుగా కరిగించి లక్షల ఏళ్ళలో ఆ దారులు చేసింది. ఓర్పు అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి అంతకు మించిన పాఠం మాకు దొరకలేదు. లోపల ఉక్కపోత ఎక్కువ. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారి సంగతి ముందే తెలుసుకోవాలి.

అదే వయసుకు రోళ్ళపాడు గడ్డిమైదానం కూడా చూపించదగినది. బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో ఆ అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. పదిహేను కిలోల వరకు తూగే ఆ పక్షి నేలపైనే ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దేశం మొత్తం మీద సుమారు 150 మాత్రమే మిగిలాయని అంచనా. రోళ్ళపాడులో ఇప్పుడు అది కనిపించడం గగనమైంది. కృష్ణజింకలు మాత్రం కనిపిస్తాయి. అక్కడ పిల్లలను కూర్చోబెట్టి ఒక సంఘటన చెప్పాలి. ప్రవక్త (స) ప్రయాణంలో ఉండగా సహచరులు ఒక పిట్ట పిల్లలను రెండింటిని పట్టుకున్నారు. తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ అల్లాడింది. అది చూసి ఆయన (స), దీనిని దుఃఖపెట్టింది ఎవరు, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయండి అనే అర్థంలో ఆదేశించారు. అబూదావూద్‌లో ఉన్న ఈ ఉల్లేఖనాన్ని గుడ్డు పెట్టే పక్షే కరువైన ఆ మైదానంలో వింటే పిల్లల కళ్ళు చెమరుస్తాయి. గూళ్ళ జోలికి పోకండి అని మళ్ళీ చెప్పవలసిన పని ఉండదు.

పద్నాలుగు దాటిన వారు రాత్రి బస చేయవచ్చు. నల్లమలలో బైర్లూటి వద్ద అటవీశాఖ వారి బస ఉంది. ఆ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అదే పెద్దది. అటవీశాఖ అనుమతి లేకుండా, అడవి తెలిసిన చెంచు మార్గదర్శి వెంట లేకుండా అక్కడ అడుగు వేయరాదు. ఈ వయసు వారికి పని అప్పగించాలి. వంట, కాపలా, చిన్నవారి బాధ్యత వారిదే కావాలి. రాత్రి దారిలో విడిది చేయవద్దు, అది జంతువుల, పురుగుల దారి అనే భావం గల హదీసు ముస్లింలో ఉంది. నిద్రపోయే ముందు నిప్పు ఆర్పమన్న ఆదేశం బుఖారీలో ఉంది. నడిచే దారిలో, జనం సేదతీరే నీడలో కాలకృత్యాలు తీర్చుకోవద్దన్న మందలింపూ ఉంది. ఈ రోజు అడవి శాఖ వారు బోర్డుపై రాసే నియమాలకూ, పద్నాలుగు వందల ఏళ్ళ నాటి ఈ బోధనలకూ తేడా ఏముందో పిల్లలనే వెదకమనండి.

ఆడపిల్లల మాట

ఓర్వకల్లుకు మేము తీసుకువెళ్ళిన నలభై ముగ్గురిలో ఆడపిల్ల ఒక్కరూ లేరు. తరువాత ఒక తల్లి మా ఇంటికి వచ్చి, "హజ్రత్, చూడమన్న ఆదేశం మా అమ్మాయిలకు లేదా?" అని అడిగారు. ఇది కూడా మమ్మల్ని తలదించుకొనేలా చేసిన ప్రశ్నే.

నీరు లేని లోయలో పసిబిడ్డతో ఒంటరిగా నిలిచి, రెండు కొండల మధ్య ఏడుసార్లు పరుగెత్తిన తల్లి హజ్రత్ హాజిరా (అ). హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళిన ప్రతి పురుషుడూ ఈనాటికీ ఆ స్త్రీ అడుగుల్లోనే నడుస్తున్నాడు. అలాంటి సముదాయంలోని ఆడపిల్ల కొండను తాకకుండా పెరగడం న్యాయం కాదు. వారికి విడిగా, ఉపాధ్యాయినులతో, తల్లులతో, పగటి యాత్రలు ఏర్పాటు చేయాలి. మరుగుదొడ్డి, నమాజు స్థలం, దుస్తులు మార్చుకొనే చోటు ముందే చూసుకోవాలి. దూరప్రయాణం, రాత్రి బస అయితే మహ్రమ్ నియమాన్ని మీ ఊరి ఉలమాను అడిగి పాటించండి. హద్దులు పాటిస్తూ తీసుకువెళ్ళడం కొంచెం కష్టమే. కష్టమని మానివేసి, దానికి హద్దుల పేరు పెట్టడం మాత్రం సరికాదు.

సంతకం పెట్టే ముందు

తల్లిదండ్రులారా! కాగితం చేతికి వచ్చినప్పుడు భయంతో చించవద్దు, మొహమాటంతో సంతకమూ పెట్టవద్దు. అడగండి. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు? ఏ వయసు వారితో మా బిడ్డ నడుస్తాడు? దారిలో నీళ్ళున్నాయా, వాగు ఉందా, ఎగువన ఆనకట్ట ఉందా? ఆ చోటును ఉపాధ్యాయుడు ముందుగా వెళ్ళి చూసి వచ్చారా? దగ్గరి ఆసుపత్రి ఎక్కడ, పాముకాటుకు మందు అక్కడ ఉంటుందా? ఛార్జీ ఇవ్వలేని ఇంటి పిల్లవాడి సంగతి ఏమిటి? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: వరుసలో అందరికన్నా వెనుక ఎవరు నడుస్తారు?

మీ వంతు కూడా ఉంది. బిడ్డకు ఉబ్బసం, మూర్ఛ, తేనెటీగ కుడితే ఒళ్ళు ఉబ్బడం వంటివి ఉంటే దాచవద్దు. కొత్త చెప్పులు వేసి పంపవద్దు, నడిచి అలవాటైన బూట్లు వేయండి. మార్చి నుండి జూన్ వరకు రాయలసీమ ఎండలో ఇలాంటి యాత్ర పెడితే వద్దనండి. పాము కరిస్తే గంటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకూడదనీ, కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలనీ పిల్లలకు ఇంట్లోనే నేర్పండి. అన్నిటినీ మించి ఒక మాట చెప్పి పంపండి: కాలు నొచ్చినా, దాహమేసినా, భయమేసినా నోరు తెరిచి చెప్పడం సిగ్గు కాదు.

వెనుక నడిచినవారు

మా కమిటీ తీర్మానం ఆరు నెలల పాటు నిలిచింది. ఆ ఆరు నెలల్లో మేము జిహాద్ అధ్యాయపు హదీసులు బోధిస్తూ, హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఒకటి మళ్ళీ చదివాము. ప్రయాణంలో ప్రవక్త (స) వెనుక నడిచేవారట. బలహీనులను ముందుకు నడిపించేవారు, నడవలేని వారిని తన వెనుక ఎక్కించుకొనేవారు, వారి కోసం దుఆ చేసేవారు. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఓర్వకల్లు తరువాత అది మాకు కొత్తగా వినిపించింది. మొత్తం సైన్యానికి నాయకుడైన ఆయన (స) స్థానం అందరికన్నా వెనుక. నలభై ముగ్గురు పిల్లలకు గురువులమైన మేము మాత్రం ముందు నడిచాము.

నమాజు చేయించే ఇమాము తన వెనుక ఉన్న బలహీనుణ్ణి, రోగిని, వృద్ధుణ్ణి దృష్టిలో పెట్టుకొని తేలికపరచాలన్న ఆదేశం కూడా ఇదే నేర్పుతుంది. జమాత్ వేగం బలహీనుడి వేగం. నడకకు కూడా అదే నియమం వర్తిస్తుంది.

ఆ హదీసును కమిటీ ముందు పెట్టి, యాత్రలు మానడం కాదు, మా చోటు మార్చుకోవడం కావాలని విన్నవించాము. పెద్దలు సమ్మతించారు. ఈ చలికాలం మొదట్లో పదేళ్ళ లోపు వారినే, పందొమ్మిది మందిని, ఆరుగురు తల్లులతో, ఇద్దరు ఉపాధ్యాయులతో ఓర్వకల్లుకు తీసుకువెళ్ళాము. వెళ్ళే ముందు ఆ తండ్రి ఇంటికి మేమే స్వయంగా వెళ్ళి అడిగాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "మీరు ఎక్కడ నడుస్తారు హజ్రత్?" అన్నారు. "మీ వాడి వెనుక" అన్నాము. అప్పుడు సంతకం పెట్టారు.

ఆ రోజు ఐదుసార్లు లెక్కపెట్టాము. ఐదుసార్లూ పందొమ్మిది. తిరిగి వచ్చే దారిలో జీవాలను తోలుకొని అవ్వ ఎదురైంది. పిల్లవాడు పరుగెత్తి వెళ్ళి సలాం చేసి తన కాలు చూపించాడు. ఆమె నవ్వి, మా వైపు తిరిగి, "ఈసారి లెక్క సరిపాయనా సాయిబూ?" అని అడిగింది. సరిపోయిందని చెప్పాము. ప్రళయదినాన ఈ లెక్కే అడిగేవాడు వేరే ఉన్నాడని మా మనస్సు మాకు గుర్తు చేసింది.

యా అల్లాహ్! మా బిడ్డలు నీ అమానత్. వారికి నీ సూచనలను చూసే కళ్ళను, నీ భూమిపై నెమ్మదిగా నడిచే పాదాలను ప్రసాదించు. వారిని నడిపించే మాకు వెనుక నడిచే వినయాన్ని, లెక్క మరువని జాగరూకతను అనుగ్రహించు. యాత్రల నుండి తిరిగి రాని బిడ్డల తల్లిదండ్రుల హృదయాలకు ఓదార్పునివ్వు. ఆమీన్.